ప్రాగు నుండి తంతి



ఎవరి స్మృతికై మనము నేడిచ్చట కూడితిమో ఆ పెద్దమనిషి చిత్రపటము నా వెనుక గోడమీద నున్నది. ఆయనను పేరుపెట్టి పిలుచు అలవాటు మా గ్రామమున ఎవ్వరికిని లేదు గనుక నేనును ఈ గంటసేపు పంతులుగారనియే స్మరింతును. ఆయన గ్రంథమేదియు వ్రాయలేదు. పదవి యేదియు కోరలేదు. ముప్పది యేండ్లపాటు ఒక చిన్న గ్రంథాలయమున, సాయంసమయమందు లాంతరు వెలుగున కూర్చుండి, చదువురానివారికి దినపత్రిక చదివి వినిపించిరి. ఉపన్యాసవిషయము మీ యిష్టమేనని నిర్వాహకులు నాకు సెలవిచ్చినప్పుడు, దేశముల నడుమ సంక్షోభము కమ్ముకొన్న వేళ నాయకులకును, ప్రచారమునకును, ప్రజాభిప్రాయమునకును గల సంబంధమును గూర్చి ప్రసంగింపవలెనని నాకు తోచినది. ఏలయన ఆ విషయమై నేను నా జీవితమున విన్న మొట్టమొదటి ప్రశ్న, నేటికిని నన్ను విడువని ప్రశ్న, ఆ లాంతరు వెలుగుననే, 1938 అక్టోబరు మొదటివారమున, ఒక రైతు నోట విన్నది.

నాకప్పుడు పన్నెండేండ్లు. మద్రాసున రేడియో కేంద్రము ఆ యేడు జూన్ 16వ తేదీననే ప్రారంభమైనను ఆ ధ్వని మా గ్రామమునకింకను చేరలేదు. లోకవృత్తాంతమంతయు మాకు టపాసంచిలో ఒకనాడు ఆలస్యముగానో, రెండునాళ్లు ఆలస్యముగానో వచ్చెడిది. పొలముపనులు ముగించి కాళ్లు కడుగుకొని వచ్చినవారు గ్రంథాలయపు అరుగుమీదను, చోటు చాలనివారు వేపచెట్టు క్రిందను కూర్చుండెడివారు. పంతులుగారు పత్రిక మడత విప్పి, కండ్లద్దములు తుడుచుకొని, వార్తలోనికి దిగుటకు ముందుగా ఆ వార్త ఏ యూరినుండి బయలుదేరెనో, ఎవరు పంపిరో పైకి చదివెడివారు. “లండను, రూటరు తంతి,” అని ఒక క్షణమాగెడివారు. మంత్రమునకు ముందు ఋషిని, ఛందస్సును, దేవతను చెప్పినట్లుండెడిది ఆ పఠనము. పంపినవాని పేరు చెప్పక వార్తను మాత్రము చెప్పుట ఆయన దృష్టిలో అపచారము.

ఆ సెప్టెంబరు నెలలో పంతులుగారు గచ్చునేలమీద సుద్దముక్కతో ఒక దేశపు పటము గీసిరి. పడమట వెడల్పుగా నుండి, తూర్పునకు పోనుపోను చేపతోకవలె సన్నగిలిన ఆ దేశము చెకోస్లోవేకియా, దాని రాజధాని ప్రాగు. ప్రథమ ప్రపంచయుద్ధము ముగిసిన 1918లో అది పుట్టినది. దాని సరిహద్దు కొండలనంటిన జిల్లాలలో జర్మను భాష మాటలాడువారు ముప్పది లక్షలకు పైగా నుండిరి. ఆ దేశమును కాచు కోటలును ఆ కొండలలోనే యుండెను. ఆ జిల్లాలు తనకు కావలెనని హిట్లరు పట్టుపట్టినాడనియు, యుద్ధము తప్పదేమోననియు దినదినము వినుచుంటిమి. సెప్టెంబరు 29వ తేదీన మ్యూనికు నగరమున హిట్లరు, ముస్సోలినీ, బ్రిటిషు ప్రధానమంత్రి చేంబర్లేను, ఫ్రెంచి ప్రధానమంత్రి దలాదియే కూడి, తెల్లవారకమునుపే ఆ జిల్లాలను జర్మనీకి ఒప్పగించు పత్రముపై సంతకములు చేసిరి. ఆ వార్త మా యూరు చేరిన సాయంకాలమున పంతులుగారు దానిని ఆసాంతము చదివిరి: లండనులో జనులు ఆనందబాష్పములు రాల్చిరట, పారిసులో దారిపొడవునను బారులు తీరి పూలు చల్లిరట, యుద్ధము తప్పినదట. అరుగు చివర కూర్చుండిన ఒక కౌలురైతు చుట్ట నేలకు నలిపి, నెమ్మదిగా అడిగెను:

“పంతులుగారూ, ఆ పొలం ఎవరిదో ఆ రైతేమన్నాడో అందులో రాయలేదాండీ?”

పంతులుగారు పత్రికను తిరుగవేసి మొదటినుండి చూచిరి. లండను, పారిసు, బెర్లిను, రోము. ప్రాగు నుండి తంతి లేదు. “రాయలేదయ్యా,” అని పత్రికను మోకాళ్లమీద పెట్టుకొనిరి. ఆనాడు మరి యేమియు చదువలేదు.

నేను చరిత్రోపాధ్యాయుడనై, మ్యూనికు ఒడంబడికను తరగతి తరగతికి చెప్పుచు జీవితము గడిపితిని. చెప్పినప్పుడెల్లను ఆ రైతు నా యెదుట కూర్చుండియే యుండెను. సంక్షోభకాలమున ప్రభుత్వములు అసత్యములాడుననుట అందరెరిగిన సంగతియే. అసత్యము ఒకనాటికి బయటపడును, పడినప్పుడు ఆడినవాడు తలవంచుకొనును. అంతకంటె లోతుగా పనిచేయునది మరియొకటి కలదు: ప్రజల చెవికి చేరనీయక మధ్యదారిలో ఆపివేయబడిన మాట. ఆ మాటను ఆపి, ఏమియు వినని ప్రజల హృదయములలో మిగిలిన భయమునకే ప్రజాభిప్రాయమని పేరుపెట్టి, తాను దానికి కట్టుబడినవాడనని నాయకుడు చెప్పుకొనును. 1938లో స్వతంత్రదేశమని పేరుగన్న బ్రిటనులో జరిగినది ఇదియే యని నా నిశ్చయము.

నెవిల్ చేంబర్లేను దుష్టుడు కాడు. ఈ మాట మొదటనే చెప్పవలెను. తనకు ప్రాణప్రదమైన పినతండ్రి కుమారుడొకడు మొదటి యుద్ధమున మరణింపగా ఆ దుఃఖమును జీవితాంతము మోసినవాడు. అరువదితొమ్మిదేండ్ల వయస్సున, విమానప్రయాణమునకు అలవాటుపడనివాడై యుండియు, సెప్టెంబరు 15వ తేదీన విమానమెక్కి హిట్లరును చూడబోయెను. 22వ తేదీన గోడెస్బర్గునకును, 29వ తేదీన మ్యూనికునకును మరల పోయెను. ప్రజల భయమును కల్పితము కాదు. స్పెయినులోని గెర్నికా పట్టణము 1937 ఏప్రిలులో ఆకాశమునుండి కురిసిన బాంబులకు బూడిదయైన దృశ్యము వారు సినిమాశాలలలో చూచియుండిరి. సంక్షోభపు దినములలో లండను ఉద్యానవనములలో కందకములు త్రవ్విరి. విషవాయువు సోకకుండ ముఖమునకు తొడుగుకొను ముసుగులు 3 కోట్ల 80 లక్షలు సిద్ధపరచి ఇంటింటికి పంచిరి. చంటిబిడ్డలకు సరిపోవు ముసుగులు మాత్రము అప్పటికింకను తయారు కాలేదు. బిడ్డను ఒడిలో పెట్టుకొని, తన ముఖమునకు మాత్రమే సరిపోవు ఆ రబ్బరు ముసుగును చేత పట్టుకొని కూర్చుండిన తల్లి, యుద్ధము తప్పినదని వినగానే ఏడ్చినదనిన, ఆమెను తప్పుపట్టువాడెవ్వడు? నేను తప్పుపట్టను. అయితే ఆమె ఏడ్పు ఊరటవలన పుట్టినది. ఊరటపడుట వేరు, మరియొకని సరిహద్దులను అప్పగించుటకు సమ్మతించుట వేరు. ఆ ఊరటనే సమ్మతిగా లెక్కవ్రాసికొనిరి.

ఆ లెక్క సరిపోవుటకై ముందుగా ఎన్ని ద్వారములు మూయబడెనో చూడుడు. సెప్టెంబరు 7వ తేదీన ‘టైమ్స్’ పత్రిక, జెఫ్రీ డాసన్ సంపాదకత్వమున, జర్మను జనులున్న ఆ అంచు జిల్లాలను వదులుకొనుట చెకు ప్రభుత్వము ఆలోచింపదగునని సంపాదకీయము వ్రాసెను. అది ప్రభుత్వాభిప్రాయము కాదని విదేశాంగశాఖ ప్రకటించెను. కాని ప్రధానమంత్రికి డాసన్ ఎంత సన్నిహితుడో ఎరిగిన యూరపుఖండము ఆ ప్రకటనను నమ్మలేదు. రెండు వారములు గడిచిన పిదప పారమౌంటు సంస్థవారి వార్తాచిత్రమొకటి సినిమాశాలలకు వచ్చెను. అందులో ‘టైమ్స్’ పూర్వసంపాదకుడు విక్‌హామ్ స్టీడును, ‘న్యూస్ క్రానికల్’ పత్రికారచయిత కమింగ్సును ప్రభుత్వ విధానమును విమర్శించుచు మాటలాడిరి. ఆ భాగము వెంటనే తెరమీదనుండి మాయమయ్యెను. లండనులోని అమెరికా రాయబారి జోసెఫ్ కెనెడీ ద్వారమున ఆ చిత్రసంస్థకు మాట పంపినది ప్రభుత్వమేయని ఆ శీతకాలమున పార్లమెంటులో ప్రశ్నలు వచ్చినప్పుడు గాని తేలలేదు. చట్టము లేదు, నిషేధాజ్ఞ లేదు, పోలీసు లేడు. ఒక పెద్దమనిషి మరియొక పెద్దమనిషితో ఒక మాట అనెను, అంతే. చీకటిలో కూర్చుండి తెరవంక చూచు లక్షలమందికి తమనుండి ఏది తీసివేయబడెనో తెలియు మార్గము లేకపోయెను.

సెప్టెంబరు 27వ తేదీ రాత్రి చేంబర్లేను రేడియోలో ప్రజల నుద్దేశించి ప్రసంగించెను. ఎక్కడనో దూరదేశమున, మనమేమియు ఎరుగని జనుల నడుమ పుట్టిన తగవునకై మనము కందకములు త్రవ్వుకొనవలసివచ్చుట ఎంత ఘోరమని ఆ కంఠము దుఃఖించెను. దుఃఖము నిజమైనదే కావచ్చును. కాని ఎరుగము అను ఆ మాటను నేను దాటిపోలేకున్నాను. ప్రాగులో బ్రిటిషు రాయబారి యుండెను. లార్డు రన్సిమను ఆ తగవును విచారించుటకే ఆగస్టు, సెప్టెంబరులలో అచ్చట వారముల తరబడి బసచేసెను. పెద్ద పత్రికలకెల్ల అచ్చట విలేఖరులుండిరి. ప్రభుత్వమునకు తెలియును. ప్రజలకు తెలియకపోయినచో, తెలిసినవాడు తెలియనివారికి ఆ సంకటసమయమున ముందుగా చేయవలసినది తెలుపుట. దానికి మారుగా నాయకుడు వారి అజ్ఞానమును తనదిగా చెప్పుకొని, దానినే తన మార్గమునకు కారణముగా చూపెను.

ఆ తరువాతి దృశ్యములు మీరెరిగినవే. 28వ తేదీన పార్లమెంటులో ఆయన మాటలాడుచుండగనే హిట్లరు ఆహ్వానము చేతికందుట, సభ్యులు లేచి హర్షధ్వానములు చేయుట, 30వ తేదీన హెస్టన్ విమానాశ్రయమున ఆయన ఒక కాగితమును గాలిలో ఎత్తి చూపుట, రాజదంపతులతో అంతఃపురపు మేడమీద నిలుచుట. అక్టోబరు 6వ తేదీన కామన్సు సభ 366 వోట్లతో, 144 వోట్లను త్రోసిరాజని, ఒడంబడికను ఆమోదించెను. నౌకాదళమంత్రి డఫ్ కూపరు ఒక్కడు పదవిని వదలి బయటికి వచ్చెను.

ప్రజలు నిజముగా ఏమనుకొనిరో తెలిసికొను సాధనము ఒకటి అప్పుడప్పుడే బ్రిటనులో అడుగుపెట్టియుండెను. అమెరికాలో గాలప్ నడిపిన పద్ధతిని అనుసరించి, ఎంపికచేసిన జనులను ప్రశ్నించి అభిప్రాయము లెక్కగట్టు సంస్థ 1937 నుండి అచ్చట పనిచేయుచుండెను. దాని ఫలితములను ‘న్యూస్ క్రానికల్’ ప్రచురించెడిది. మ్యూనికు జరిగిన నెలలోపుననే ఒక ప్రశ్న అడిగిరి: ఇక తనకు ఏ భూభాగముమీదను కోరిక లేదని హిట్లరు చెప్పిన మాటను మీరు నమ్ముచున్నారా? నూటికి 86 మంది నమ్మమని చెప్పిరి. సభాసదులారా, ఈ సంఖ్యను కొంచెము సేపు మనస్సున నిలుపుకొనుడు. హెస్టన్‌లో కాగితము చూచి ఊరటచెందిన ప్రజలే వీరు. వారు మోసపోలేదు, భయపడిరి, ఊరటపడిరి, అయినను నమ్మలేదు. ఆ సంఖ్య ఏమయ్యెను? పత్రికాధిపతి సర్ వాల్టరు లేటను దానిని ముద్రింపక, జర్మనీలో ఆగ్రహము పెరుగునేమోనని వెనుదీసి, ప్రధానమంత్రికి మాత్రము రహస్యముగా పంపెను. ప్రజలు ఏమనుకొనుచున్నారో ప్రధానమంత్రికి తెలిసెను, ప్రజలకు తెలియలేదు. పొరుగింటివాడును తనవలెనే నమ్మలేదని ఎరుగని మనుష్యుడు తన సందేహమును తన బలహీనతగా భావించి నోరుమూసికొనును. నూటికి 86 మంది ఒంటరివారైరి. ఈ సంగతి పత్రములలో చాలకాలము పడియుండి, అర్ధశతాబ్ది గడిచిన పిదప గాని వెలికిరాలేదు. దానిని చదివిననాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు. ‘న్యూస్ క్రానికల్’ ప్రభుత్వపు పత్రిక కాదు సుమా, విమర్శించు పత్రిక. మంచివారే, మంచి యుద్దేశముతోనే ఆ ద్వారమును మూసిరి.

ఇక బెర్లిను. అచ్చట పద్ధతి సుప్రసిద్ధము. ప్రచారమంత్రి గోబెల్సు శాఖ పత్రికలకు ప్రతిదినము ఏమి వ్రాయవలెనో, ఏ శీర్షికతో వ్రాయవలెనో ఆజ్ఞాపించెడిది. చెకులు జర్మను స్త్రీలను, శిశువులను హింసించుచున్నారను కథలతో ఆ సెప్టెంబరంతయు పత్రికలు ఎఱ్ఱబారినవి. అట్టి దేశమున ప్రజాభిప్రాయమనునది వినబడదు. ఒక్క సాయంకాలము మాత్రము కనబడినది. చేంబర్లేను రేడియోలో మాటలాడిన ఆ 27వ తేదీననే, హిట్లరు యంత్రశకటములతో కూడిన ఒక సేనావిభాగమును బెర్లిను నడిబొడ్డున నడిపించెను, ప్రజలు చూచి ఉప్పొంగుదురని. పనులు ముగించి కార్యాలయములనుండి బయటపడిన జనులు ఆ శకటములను చూచి, తల త్రిప్పుకొని, భూగర్భరైలు మెట్లు దిగిపోయిరి. అచ్చట నిలుచుండి చూచిన అమెరికను విలేఖరి విలియం షైరరు తన దినచర్యలో ఈ సంగతి వ్రాసికొనెను. హిట్లరు మేడపైకి వచ్చి, క్రింద ఇన్నూరుమందియైనను లేని వీధిని, ఒక్కరును జయజయధ్వానము చేయని మౌనమును చూచి లోపలికి పోయెను.

ఆ మౌనమును అతడు మరచిపోలేదు. నవంబరు 10వ తేదీన, యూదుల దేవాలయములను తగులబెట్టిన రాత్రి గడిచిన మరునాటి సాయంకాలమున, మ్యూనికులో పత్రికలవారిని రహస్యముగా సమావేశపరచి అతడు చెప్పిన సారాంశమిది: ఇన్నేండ్లును పరిస్థితులవలన తాను శాంతిని గూర్చియే మాటలాడవలసివచ్చినది, దానివలన ప్రజలు తమ ప్రభుత్వము నిజముగా శాంతినే కోరుచున్నదని నమ్ము ప్రమాదము కలిగినది, ఇక మెల్లమెల్లగా, బలప్రయోగమే మార్గమని ప్రజల అంతరాత్మయే కేకవేయునట్లు వార్తలను పేర్చవలెను. శాంతిని గూర్చిన మాటలు అబద్ధములైనను ప్రజలు వానిని నిజముగా విశ్వసించిరనియు, ఆ విశ్వాసమే తనకు అడ్డు తగిలినదనియు ప్రచారమున ఆరితేరినవాడే ఒప్పుకొనిన సందర్భము నాకు మరియొకటి తెలియదు.

ప్రాగు వంతు ఇప్పుడు. రైతు అడిగినది దీనిని గూర్చియే గదా. ఆ నగరము ఊరక కూర్చుండలేదు. బ్రిటను, ఫ్రాన్సు బలవంతముచేయగా సెప్టెంబరు 21వ తేదీన చెకు ప్రభుత్వము జిల్లాలను వదులుకొనుటకు తలయొగ్గెను. ఆ సంగతి వీధికూడళ్లలోని ధ్వనివర్ధకములలో వినబడినంతనే జనులు కర్మాగారములు విడిచి, ట్రాములు దిగి, వేలకొలది రాజప్రాసాదమువైపు నడిచిరి. మరునాడు సమ్మె, హోజా మంత్రివర్గము కూలినది. 23వ తేదీ రాత్రి సైన్యసమీకరణపు పిలుపు అవే ధ్వనివర్ధకములలో వెలువడగా, మగవారు తినుచున్న కంచముల ముందునుండి లేచి, చిన్నపెట్టె చేత పట్టుకొని, రైలుస్టేషనుల దారిపట్టిరి. పదిలక్షలకు పైగా ఆయుధములు ధరించిరి. ప్రజాభిప్రాయమునకు ఇంతకంటె స్పష్టమైన రూపము చరిత్రలో ఎన్నిమారులు కనబడును? అయినను మ్యూనికులో ఆ నలుగురు పటము విప్పి కూర్చుండిన రాత్రి, చెకు ప్రతినిధులు మస్త్‌నీ, మసారిక్ ఇరువురును ఒక హోటలు గదిలో కాపలాల మధ్య కూర్చుండియుండిరి. అర్ధరాత్రి దాటిన పిదప వారిని పిలిచి, పటమును చేతికిచ్చి, నిర్ణయమైనదని చెప్పిరి. పొలము పంచుకొనుచు, పొలము గలవానిని వీధియరుగుమీద కూర్చుండబెట్టిరి. మా రైతు తంతియేదియు లేకయే ఆ సంగతిని పసికట్టెను.

అతడు పసికట్టుటకు కారణము నాకు కొంత తెలియును. మనమును అప్పుడు అడుగబడనివారమే. మన తెలుగు పత్రికలు ఎంత స్వాతంత్ర్యాభిమానముతో నడిచినను, విదేశవార్తలకు రూటరు తంతులే వాటికి పెద్ద ఆధారము. రూటరుకు లండనే కేంద్రము. కనుక లండను తనకు తాను చెప్పుకొనిన కథయే తెలుగులోనికి మారి మా అరుగుమీదికి వచ్చెడిది. జవహర్లాల్ నెహ్రూ ఆ ఆగస్టులో స్వయముగా చెకోస్లోవేకియాకు పోయి, చూచి, సెప్టెంబరులో ‘మాంచెస్టరు గార్డియన్’ పత్రికకు లేఖ వ్రాసెను. గాంధీ మహాత్ముడు అక్టోబరులో ‘హరిజన్’ పత్రికలో చెకులను ఉద్దేశించి వ్రాసెను. ఆయన చెప్పిన అహింసామార్గమును గూర్చి వాదములుండవచ్చును. పొలము గలవానితో నేరుగా మాటలాడినవారు ఆ దినములలో బహుకొద్దిమంది, వారిలో ఆయన యొకడు. మరుసటి యేడు సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశము యుద్ధమున చేరినదని ప్రకటించెను. మన శాసనసభల నడుగలేదు, మన నాయకుల నడుగలేదు. మద్రాసులో రాజాజీ మంత్రివర్గము అక్టోబరులో రాజీనామా ఇచ్చినది. మా గ్రామమునుండి ఇరువురు యువకులు ఆ యుద్ధమునకు పోయిరి, ఒకడు తిరిగిరాలేదు.

ఈ కథ పాతబడినదని కొందరనవచ్చును. 2003 ఫిబ్రవరి 15వ తేదీన లండను వీధులలో ఇరాకు యుద్ధము వలదనుచు లక్షలకొలది జనులు నడచినప్పుడు ప్రజాభిప్రాయము వినబడలేదని ఎవ్వరును అనజాలరు. బ్రిటిషు ప్రభుత్వమునకది బాగుగనే వినబడెను. అప్పుడు ప్రధానమంత్రి ప్రజలమాటకంటె తన నమ్మకమునకే కట్టుబడెను. అంతకుముందు సెప్టెంబరులో ప్రకటించిన పత్రమున ఉన్నవని చెప్పిన సామూహిక మారణాయుధములు ఇరాకున దొరకలేదు. ప్రజలాడిన మాట తనకు అనుకూలమైనచో దానికి దాసుడగుట, ప్రతికూలమైనచో దానికి అతీతుడగుట: ఈ రెండు ముఖములను ఒకే పదవిలో, అరువదియైదు సంవత్సరముల యెడముతో, నా కన్నులార చూచితిని.

పంతులుగారు సుద్దముక్కతో గీసిన పటము ఆ చలికాలమంతయు గచ్చుమీద నుండెను. ఊడ్చునప్పుడు ఆ మూలను వదలివేయుమని ఆయన నాకు చెప్పియుండిరి. సంక్రాంతి గడిచినది, కోతలు ముగిసినవి, అరుగుమీద మాటలు ధాన్యపు ధరలవైపు మళ్లినవి. 1939 మార్చి 15వ తేదీ ఉదయమున, మంచు కురియుచుండగా, జర్మను సేన ప్రాగు నగరమున ప్రవేశించెను. మిగిలిన దేశముకూడ పోయినది. రెండునాళ్లకు పత్రిక మా యూరు చేరెను. ఆ సాయంకాలము అరుగు నిండియుండెను. ఆ కౌలురైతును తన చోటనే కూర్చుండియుండెను. పంతులుగారు కండ్లద్దములు తుడుచుకొని, మడత విప్పి, తమ నియమము తప్పక, వార్త పుట్టిన చోటును ముందుగా చదివిరి.

“ప్రాగు,” అని ఆగి, రైతువంక చూచిరి.